జామ్ వేరు, గ్రిడ్‌లాక్ వేరు

అందరికీ నమస్కారం. ఆరింటికి మొదలవ్వాల్సిన సభ ఆరున్నర దాటాక మొదలైంది. ఆలస్యంగా వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర పలకరిస్తే దాదాపు అందరూ ఒకటే మాట అన్నారు, "ట్రాఫిక్ జామ్ అయిందండీ" అని. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ మాట గురించి, దాని పక్కనే తిరుగుతున్న ఇంకో మాట గురించి. ఆ రెండో మాట గ్రిడ్‌లాక్. ఇంగ్లిష్ పేపర్లలో తరచూ కనిపిస్తుంది, మన పిల్లల నోటా వినిపిస్తుంది. రెండూ ఒకటేననుకుంటాం. కావు. ముప్పై ఏళ్లు ఇంజినీరింగ్ కాలేజీలో రోడ్ల పాఠం చెప్పినవాడిగా ఆ తేడా నాకు చాలా ముఖ్యం. జలుబుకీ న్యుమోనియాకీ ఒకే పేరు పెట్టుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్లి ఏం చెప్పుకుంటాం?

ముందు జామ్ సంగతి చూద్దాం. ఇంగ్లిష్‌లో ఆ మాటకు అదిమి ఇరికించడం, ఇరుక్కుని కదలకపోవడం అని అర్థం. 19వ శతాబ్దంలో అమెరికా, కెనడా అడవుల్లో కొట్టిన దుంగల్ని నదుల్లో వదిలేవారు. అవి ప్రవాహంలో దిగువన ఉన్న రంపపు మిల్లులకు చేరేవి. మన గోదావరి మీద కూడా టేకు, వెదురు తెప్పలు కట్టి రాజమండ్రికి దింపేవారు కాబట్టి మనకిది కొత్త దృశ్యం కాదు. ఏదో ఒక వంపులో ఒక దుంగ అడ్డం తిరిగితే వెనక వచ్చేవన్నీ దాని మీద పోగుపడేవి. దాన్ని లాగ్ జామ్ అన్నారు. మోటారు కార్లు వచ్చాక, 20వ శతాబ్దం మొదట్లో, రోడ్డు మీద పోగుపడిన బండ్లకు ట్రాఫిక్ జామ్ అన్న పేరు స్థిరపడింది. ఇక ట్రాఫిక్ అన్న మాటకు మొదట ఉన్న అర్థం వ్యాపారం, సరుకుల అమ్మకం కొనుగోలు. సరుకుతో పాటు బండ్లు కదిలాయి, బండ్లతో పాటు మాట కూడా రోడ్డెక్కింది.

జామ్‌లో ఉన్న బొమ్మను గుర్తుపెట్టుకోండి. ఒక ప్రవాహం, ఒక దిక్కు, ముందు ఎక్కడో ఒక అడ్డు. 2010 ఆగస్టులో చైనాలో 110వ నంబరు జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లకు పైగా బండ్లు ఆగిపోయాయి. బీజింగ్ వైపు బొగ్గు తీసుకొస్తున్న లారీలు ఒకవైపు, రోడ్డు మరమ్మతులు ఇంకోవైపు. పది రోజులకు పైగా సాగింది. ప్రపంచమంతా దాని గురించి రాసింది. అది ఎంత భయంకరమైనదైనా జామే, గ్రిడ్‌లాక్ కాదు. మనకు తెలిసిన ఉదాహరణ కావాలంటే సంక్రాంతికి ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా. హైదరాబాద్ నుంచి ఊళ్లకు బయల్దేరిన కార్లు అక్కడ కిలోమీటర్ల కొద్దీ నిలబడతాయి. వెడల్పు రోడ్డు మీద వచ్చిన ప్రవాహం గేట్ల దగ్గర సన్నబడుతుంది. దాన్ని బాటిల్‌నెక్ అంటారు. అక్కడ ఎంత విసుగొచ్చినా ఒక ధైర్యం ఉంటుంది. ముందున్న కారు ఒక్కటి గేటు దాటితే మనం ఒక్క అడుగు ముందుకేస్తాం. ఆలస్యమవుతుంది గానీ అందరూ ఊరు చేరతారు. గ్రిడ్‌లాక్‌లో ఆ ధైర్యం ఉండదు.

ఇప్పుడు గ్రిడ్‌లాక్ పుట్టిన ఊరికి వెళ్దాం. న్యూయార్క్‌లో మాన్‌హటన్.

1811లో ఆ నగర కమిషనర్లు ఒక ప్లాను ఆమోదించారు. అప్పటికి ఊరు దీవి దక్షిణపు కొసన మాత్రమే ఉంది. పైనంతా పొలాలు, గుట్టలు. ఆ ఖాళీ నేల మీద వాళ్లు ముందుగానే గళ్లు గీశారు. ఉత్తరం నుంచి దక్షిణానికి 12 అవెన్యూలు, వాటికి అడ్డంగా 155 వీధులు. ఇంగ్లిష్‌లో ఆ గళ్ల అల్లికే గ్రిడ్. చదరంగం పలకలా ఉంటుంది ఆ మ్యాపు. అవెన్యూల వెంట నడిస్తే ఒక వీధికీ తర్వాతి వీధికీ మధ్య బ్లాకు పొడవు దాదాపు 200 అడుగులే. ఆ అంకె మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

శామ్ శ్వార్ట్జ్ అనే ఇంజినీరు 1970ల మొదట్లో ఆ నగర ట్రాఫిక్ విభాగంలో చేరాడు. బ్రూక్లిన్ కుర్రాడు. ఫిజిక్స్ చదివి తర్వాత ట్రాఫిక్ ఇంజినీరింగ్‌కి వచ్చాడు, కొంతకాలం టాక్సీ కూడా నడిపాడు. బ్రాడ్‌వే థియేటర్ల ప్రాంతంలో కొన్ని వీధుల్ని కార్లకు మూసేస్తే ఎలా ఉంటుందని అప్పట్లో ఆఫీసులో చర్చ నడుస్తోంది. రాయ్ కాటమ్ అనే సహోద్యోగి భయపడ్డాడు. వీధులు మూస్తే గ్రిడ్ మొత్తం లాక్ అయిపోతుంది, ఎక్కడి బండ్లు అక్కడే ఆగిపోతాయి అన్నాడు. ఆ రెండు మాటలూ ఆఫీసులో వాళ్ల నోళ్లలో కలిసిపోయి గ్రిడ్‌లాక్ అయింది. ఇది శ్వార్ట్జ్ చెప్పిన కథ. మాట తనదొక్కడిదే అని ఆయన చెప్పుకోలేదు, కాటమ్ పేరు చెప్పాడు. అది నాకు నచ్చింది.

చాలా ఏళ్లు అది ఆఫీసు మాటగానే ఉండిపోయింది. 1980 ఏప్రిల్ 1న న్యూయార్క్ సబ్‌వే, బస్సు కార్మికులు సమ్మెకు దిగారు. ముప్పై వేలకు పైగా కార్మికులు. నేల కింద రైళ్లలో వెళ్లే లక్షల మందికి మిగిలింది కాళ్లు, సైకిళ్లు, కార్లు. అందరూ కార్లు తీస్తే కాటమ్ భయపడ్డది జరుగుతుందని ట్రాఫిక్ విభాగానికి తెలుసు. శ్వార్ట్జ్ సమ్మె కోసం తయారుచేసిన జాగ్రత్తల కాగితాల్లో గ్రిడ్‌లాక్ అన్న మాట వాడాడు. విలేకరులు దాన్ని అందుకున్నారు. పొద్దున రద్దీవేళ మాన్‌హటన్‌లోకి వచ్చే కారులో కనీసం ముగ్గురుండాలని నిబంధన పెట్టారు. మేయర్ ఎడ్ కాచ్ బ్రూక్లిన్ వంతెన దగ్గర నిలబడి, నడుచుకుంటూ వస్తున్నవాళ్లకు ఉత్సాహం చెప్పాడు. ఆఫీసు బట్టల కింద ఆటల బూట్లు వేసుకుని వంతెన దాటిన ఆడవాళ్ల ఫొటోలు ఆ సమ్మెకు గుర్తుగా మిగిలాయి. సమ్మె 11 రోజుల్లో అయిపోయింది, మాట మాత్రం ఉండిపోయింది. అప్పటిదాకా ఇంగ్లిష్ నిఘంటువుల్లో లేని మాట కొద్ది సంవత్సరాల్లోనే అమెరికా రాజకీయాల్లోకి కూడా వెళ్లింది. చట్టసభలో బిల్లు కదలకపోతే గ్రిడ్‌లాక్ అనసాగారు. శ్వార్ట్జ్‌కు గ్రిడ్‌లాక్ శామ్ అనే పేరే స్థిరపడింది. తర్వాత ఆయన ఆ నగర ట్రాఫిక్ కమిషనర్ అయ్యాడు.

మాట పుట్టుక చెప్పాను. ఇక అసలు అర్థం. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్తాను, ఎందుకంటే విషయమంతా ఇక్కడే ఉంది.

మాన్‌హటన్‌లో ఆరో అవెన్యూ మీద బండ్లన్నీ ఉత్తరానికే వెళ్తాయి, ఐదో అవెన్యూ మీద దక్షిణానికే. 45వ వీధిలో పడమరకి, 46వ వీధిలో తూర్పుకి. అన్నీ వన్‌వేలే. ఇప్పుడు ఆరో అవెన్యూలో ఉత్తరానికి వెళ్తున్న ఒక కారు 45వ వీధి కూడలిలోకి వచ్చింది. దానికి గ్రీన్ ఉంది. ముందు ఖాళీ లేదు, అయినా గ్రీన్ ఉంది కదా అని ముందుకు వచ్చేసింది. సిగ్నల్ మారింది. కారు కూడలి నడిమధ్యలో ఉండిపోయింది. ఇప్పుడు గ్రీన్ 45వ వీధి వాళ్లది, కానీ ఎదురుగా కారు అడ్డం. వాళ్లు ఆగారు. వాళ్ల వరస వెనక్కి పెరిగి ఐదో అవెన్యూ కూడలికి చేరింది. అక్కడ ఐదో అవెన్యూ వాళ్లు ఆగారు. వాళ్ల వరస వెనక్కి పెరిగి 46వ వీధి కూడలిని మూసింది. 46వ వీధి వాళ్ల వరస వెనక్కి వెనక్కి వెళ్లి ఆరో అవెన్యూని అడ్డుకుంది. ఆరో అవెన్యూలో ఆగిన వరస తోక ఎక్కడుంది? 45వ వీధి కూడలిలో. అంటే మనం మొదట చూసిన కారు దగ్గర.

ఆ మొదటి కారు కదలాలంటే ఎవరు కదలాలి? నాలుగు వైపులా వెళ్లి లెక్క చూస్తే, చివరికి ఆ కారే కదలాలి. అది తన వెనక తానే నిలబడి ఉంది. గ్రిడ్‌లాక్ అంటే ఇదీ. ప్రవాహానికి ముందు అడ్డుపడిన దుంగ ఇక్కడ లేదు. రోడ్డు మీద ప్రమాదం లేదు, గుంత లేదు, చెట్టు కూలలేదు. అందరూ ఎదురుచూస్తున్నది ఒకరినొకరినే. ఎంతసేపు ఆగినా అది దానంతట అది విడదు.

ఇందాకటి 200 అడుగుల అంకె ఇప్పుడు చూడండి. ఒక కారుకు ముందు ఖాళీతో కలిపి 20 అడుగులు వేసుకుంటే, అవెన్యూలో రెండు కూడళ్ల మధ్య ఒక వరసలో పది కార్లు పడతాయి. పదకొండోది వెనక కూడలిలోకి వచ్చేస్తుంది. ఒక్క గ్రీన్ సమయంలో అంతకంటే ఎక్కువ కార్లే వస్తాయి. కాటమ్ భయానికి ఆధారం ఇదే. మళ్లీ ఒక చిన్న సంగతి. ఆయన భయపడిన బ్రాడ్‌వే మూసివేత 2009లో నిజంగానే జరిగింది. టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వేని కార్లకు మూసి, నడిచేవాళ్లకు ఇచ్చారు. గ్రిడ్ లాక్ కాలేదు. బ్రాడ్‌వే గళ్లను ఏటవాలుగా కోసుకుంటూ పోయే దారి. రెండు దారులు కలవాల్సిన చోట మూడు కలిసేవి. అది తీసేస్తే సిగ్నళ్ల లెక్క తేలికైంది. కాటమ్ మాట మంచిదే, అంచనా మాత్రం ఆ ఒక్కచోట తప్పింది.

కంప్యూటర్లు చదివిన పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకిది వింటుంటే డెడ్‌లాక్ గుర్తొచ్చి ఉంటుంది. రెండు ప్రోగ్రాములు ఒకదాని చేతిలో ఉన్నదాని కోసం ఇంకొకటి ఆగిపోవడం. 1971లో కాఫ్‌మన్, ఆయనతో పాటు మరో ఇద్దరు, డెడ్‌లాక్ పడాలంటే నాలుగు షరతులు ఒకేసారి ఉండాలని రాశారు. నాలుగింటిలో ఒక్కటి తెంచినా డెడ్‌లాక్ పడదు. క్లాసులో నేను ఆ నాలుగింటినీ కూడలి బొమ్మ మీద చెప్పేవాణ్ని. ఒక చోటులో ఒక బండే పడుతుంది అన్నది మొదటిది. దాన్ని తెంచడానికే ఫ్లైఓవర్ కడతాం. ఒకే చోట, పైన ఒక బండి, కింద ఒక బండి. కోట్ల ఖర్చు, ఏళ్ల పని. మన నగరాల్లో ఏ కూడలి గురించి అడిగినా ముందు ఈ మందే రాస్తారు. రెండోది, నా చేతిలో ఉన్న చోటు వదలకుండా ఇంకో చోటు కోసం ఎదురుచూడటం. దీన్ని తెంచడానికి రంగు డబ్బా చాలు. కూడలి మధ్యలో పసుపు గళ్ల పెట్టె గీస్తారు. అవతల మీ బండికి ఖాళీ కనిపిస్తేనే పెట్టెలోకి రండి, గ్రీన్ ఉన్నా సరే. బ్రిటన్ 1967లో దీన్ని మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో పెట్టెను అడ్డుకోవద్దని బోర్డులు పెట్టి, అడ్డుకుంటే జరిమానా వేస్తారు. మన దగ్గరా కొన్ని కూడళ్లలో ఆ పసుపు గీతలున్నాయి. వాటి అర్థం ఏమిటని నేను అడిగిన డ్రైవర్లలో చాలామందికి తెలియదు. లైసెన్సు ఇచ్చేటప్పుడు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రంగు వేశాం, అర్థం చెప్పలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి.

మూడోది, ఎవరి చేతిలో ఉన్న చోటును ఎవరూ లాక్కోలేకపోవడం. దీని గురించి మీకు ఒక సాయంత్రం కథ చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం మా అత్తగారిని ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. వాన పడుతోంది. కరెంటు పోయి సిగ్నల్ ఆరిపోయింది. నాలుగు రోడ్ల కూడలిలో నాలుగు వైపుల నుంచీ బండ్లు వచ్చి ముక్కుకు ముక్కు తగిలించి నిలబడ్డాయి. అందరూ హారన్లు కొడుతున్నారు. ప్రతివాళ్లూ ఒక్క అంగుళం ముందుకు జరుపుతున్నారు. ఆ అంగుళంతో అవతలివాడికి ఉన్న సందు కూడా పోతోంది. మా వెనక ఒక అంబులెన్సు కూడా ఉంది. నలభై నిమిషాలు. మా ఆవిడ వాళ్లమ్మ వీపు రుద్దుతూ కూర్చుంది. నేను కారు అద్దంలోంచి ఆ ముడిని చూస్తున్నాను. ఎక్కడ తెంచాలో నాకు కనిపిస్తూనే ఉంది. అప్పుడు ఒక ఆటో డ్రైవరు దిగాడు. తడుస్తూ కూడలి అంతా ఒకసారి చుట్టి వచ్చాడు. తన వెనకున్న కారాయన దగ్గరికి వెళ్లి, "అన్నా, నాలుగు గజాలు వెనక్కి తియ్యన్నా, నేనూ తీస్తా" అన్నాడు. ఆయన వెనకున్నవాళ్లను కూడా అలాగే బతిమాలాడు. ఆటో వెనక్కి వెళ్లింది. ఆ సందులోంచి అడ్డంగా ఉన్న వ్యాను బయటికి పోయింది. దాని చోటులోంచి ఒక బస్సు పోయింది. పది నిమిషాల్లో అంబులెన్సు వెళ్లింది, దాని వెనకే మేమూ వెళ్లాం. అత్తగారు ఆ రాత్రి గట్టెక్కారు. ఆ ఆటో ఆయన ముఖం కూడా నేను సరిగా చూడలేదు.

ఆ కూడలిలో అందరికీ ముందుకు వెళ్లే హక్కుంది, అందరూ ముందుకే చూస్తున్నారు. విడిపోవాలంటే ఒక్కడు వెనక్కి వెళ్లాలి. జామ్‌లో వెనక్కి వెళ్లడం వల్ల ఏ ఉపయోగమూ లేదు, గ్రిడ్‌లాక్‌లో అదే దారి. రెండు మాటలూ వేరు అని ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

నాలుగో షరతు, ఎదురుచూపులు చుట్టు తిరిగి మొదటికి రావడం. దీన్ని ఊరి మధ్యలో తెంచలేం, ఊరి అంచున తెంచాలి. లోపల ఎన్ని బండ్లుంటే అంత రవాణా జరుగుతుందని అనుకుంటాం. జపాన్‌లో యోకొహామా నగరం నుంచి తీసుకున్న లెక్కలతో గెరొలిమినిస్, డగాంజో అనే ఇద్దరు 2008లో ఒక సంగతి చూపించారు. ఒక ప్రాంతంలో బండ్ల సంఖ్య ఒక హద్దు దాటితే, గంటకు అక్కడి నుంచి బయటపడే బండ్లు పెరగవు, తగ్గుతాయి. కాబట్టి హద్దు దగ్గరే కొంతమందిని కాసేపు ఆపితే లోపలివాళ్లే కాదు, ఆగినవాళ్లు కూడా త్వరగా ఇల్లు చేరతారు. కొన్ని నగరాలు ఇదే పనిని డబ్బుతో చేస్తున్నాయి. సింగపూర్ 1975లో, లండన్ 2003లో నగరం నడిబొడ్డుకు ప్రవేశ రుసుము పెట్టాయి. న్యూయార్క్ 2025 జనవరి 5 నుంచి మాన్‌హటన్‌లో 60వ వీధికి దక్షిణాన అడుగుపెట్టే కారుకు పగటిపూట 9 డాలర్లు వసూలు చేస్తోంది. శ్వార్ట్జ్ ఎన్నో ఏళ్లు వాదించిన పని అది.

ఇక మన మాటల దగ్గరికి వస్తాను. మన పేపర్లలో రెండు మాటలు ఎక్కువగా చూస్తాను. ట్రాఫిక్ స్తంభించింది. నగరం అష్టదిగ్బంధం. రెండూ ఎక్కడివి? విష్ణుసహస్రనామం ముందు న్యాసంలో "ఋతుస్సుదర్శనః కాల ఇతి దిగ్బంధః" అని చదువుతాం. ఏ దిక్కు నుంచీ కీడు రాకుండా దిక్కుల్ని కట్టేయడం అది. రక్షణ కోసం వేసే కట్టు. స్తంభనం కూడా మంత్రశాస్త్రంలో మాటే. దుర్యోధనుడు మడుగులో జలస్తంభన చేసి దాక్కున్నాడని భారతంలో చదువుకున్నాం. రెండూ గొప్ప మాటలు, నాకు ఇష్టమైన మాటలు. కానీ రెండింటిలోనూ కట్టినవాడు వేరు, కట్టుబడినవాడు వేరు. ఎవరో మంత్రం వేస్తే మనం ఆగిపోయినట్టుంటుంది. రాస్తారోకో, చక్కాజామ్ అన్న మాటలూ అంతే. అక్కడ ఆపేవాళ్లు ఎవరో ఉంటారు. కూడలిలో మనల్ని ఎవరూ కట్టలేదు. మనమే ఒకరికొకరం ముడిపడ్డాం.

అదిగో, వెనక వరుసలో అమ్మాయి చెయ్యెత్తింది. మైకు ఇవ్వండమ్మా.

(సభలో ఒకరు: సార్, మరి గ్రిడ్‌లాక్‌కి తెలుగులో సరైన మాట ఏదండీ?)

మంచి ప్రశ్న. నేను కొత్త మాట కట్టను. మన ఇళ్లలో ఉన్న మాటే సరిపోతుంది. పీటముడి. సీట్ల సర్దుబాటులో పీటముడి పడిందని పేపర్లు ఇప్పటికే రాస్తున్నాయి. అంటే రాజకీయాల్లో అమెరికావాళ్లు గ్రిడ్‌లాక్ అనే చోట మనం పీటముడి అంటున్నాం. రోడ్డుకు మాత్రం దాన్ని తీసుకురాలేదు.

చిన్నప్పుడు నా లాగు బొందు పీటముడి పడేది. బడికి వేళవుతోందన్న టెన్షన్‌లో నేను రెండు కొసలూ పట్టుకుని గుంజేవాణ్ని. గుంజేకొద్దీ అది ఇంకా బిగిసేది. మా అమ్మ నా చేతులు తీసేసి, పిన్నీసు మొన ముడి మధ్యలోకి దూర్చి, ఒక్క పోగును కొంచెం వెనక్కి తోసేది. ముడి వదులయ్యేది.

ఇంకో రెండు ప్రశ్నలకు టైముంది. ఆ పక్కన పెద్దాయన అడుగుతున్నారు, మైకు అటివ్వండి.